కార్డు వెనక అంటించిన చావు

నా మొగుడు చచ్చిపోయిన సంగతి నాకు జగిత్యాలలో తెలిసింది. ఆ పొద్దున్నే సిరిసిల్ల నుంచి ఫోన్ చేసి, పచ్చడి సీసాకు మూత సరిగ్గా బిగించలేదని, బ్యాగులో బట్టలన్నీ నూనె అయ్యాయని నామీద ఒంటికాలి మీద లేచిన మనిషి, మధ్యాహ్నానికల్లా ఒక గ్రీటింగ్ కార్డు వెనక ఉరి వేసుకొని ఉన్నాడు.

మేం చేసిన కార్డులు, కాగితపు నక్షత్రాలు, గిఫ్టు డబ్బాలు క్రిస్మస్‌కూ కొత్త సంవత్సరానికీ అమ్ముదామని జగిత్యాలలో ఒక ఫంక్షన్ హాల్లో స్టాల్ పెట్టారు. జనం ముందు కూర్చొని కాగితపు పువ్వు చుట్టి చూపించే మనిషి కావాలని స్వప్న మేడం నన్ను కోరుట్ల నుంచి బస్సెక్కించింది. సెంటర్ ఆమెదే. నేను సంతోషంగానే పోయాను. నా పని నలుగురు చూస్తారంటే నాకెందుకు చేదు?

ఒకామె మంచి పట్టుచీర కట్టుకొని వచ్చింది. కార్డు తీసి ముందు చూసింది, వెనక చదివింది, నావైపు చూసింది. మళ్లీ కార్డు చూసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. దగ్గరికొచ్చి నా భుజం పట్టుకొని, "ధైర్యంగ ఉండమ్మా. పిల్లల మొకం సూసి బతకాలె" అంది.

"దేనికమ్మా?" అన్నాను.

ఆమె నా భుజం ఇంకోసారి నొక్కి, చేతికందినన్ని కార్డులు కొనుక్కొని పోయింది. అప్పుడు నేనూ ఒక కార్డు తిప్పి చూశాను. వెనక చిన్న చీటీ అంటించి ఉంది. అందులో నా ఫొటో. దాని కింద అచ్చు: "కోరుట్ల స్వరూప భర్త సిరిసిల్లలో మరమగ్గాల కార్మికుడు. పనులు బందై ఆయన ఉరి వేసుకున్నారు. ఒంటరిగా మిగిలిన ఆమె చేతుల్లో విరిసిన పువ్వు ఇది. ఈ కొత్త సంవత్సరం ఆమె బతుకులో వెలుగు నింపండి."

బల్ల మీదున్న కార్డులన్నీ తిప్పాను. అన్నింటి వెనకా నేనే. అన్నింటి కిందా ఆయన చావే.

మీరడగవచ్చు, చేసేదానివి నువ్వే కదా, ఇన్నాళ్లూ చూడలేదా అని. చూడలేదు. మాది ముందు గదిలో పువ్వులు చుట్టే పని. కార్డులకు చీటీలు అంటించి డబ్బాల్లో సర్దే పని వెనక గదిలో జరుగుతుంది. మేమంతా ఒకప్పుడు బీడీలు చేసినవాళ్లం. తునికాకు చుట్టిన వేళ్లకు రంగు కాగితం చుట్టడం ఎంతసేపు? మొదట్లో అలవాటు కొద్దీ బీడీకి మూతి మలిచినట్టు ప్రతి పువ్వు రెక్కకూ గోటితో మూతి మలిచేశాం. స్వప్న మేడం చూసి నవ్వి, అదే బాగుంది, అట్లే చేయండి అంది. ఇప్పుడు అదే మా సెంటర్ గుర్తు.

ఫొటో దిగిన రోజు నాకు బాగా గుర్తుంది. మిగతావాళ్లందరూ పెండ్లికి పోయినట్టు తయారై వచ్చారు. నాకు ఒళ్లు మండింది. ఫొటో పనికా, సోకుకా అని పనిలో ఎట్లా కూర్చుంటానో అట్లాగే కూర్చున్నాను. బీడీల చాట ముందు కూర్చున్ననాటి నుంచి నాకు ఒకటే పద్ధతి: గాజులు తీసి పక్కన పెడతాను, లేకపోతే ఆకు చినుగుతుంది, ఇప్పుడైతే కాగితం నలుగుతుంది. పుస్తెల తాడు వీపు మీదికి వేసుకుంటాను. బొట్టు ఒక్కటి మిగిలింది. దాన్ని మేడమే తీయించింది, లైటు పడి మెరుస్తోందంటూ. ఎందుకు తీయించిందో జగిత్యాల స్టాల్లో నిలబడితే గాని నాకు అర్థం కాలేదు.

మేడం హాలు గుమ్మం దగ్గర ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతోంది. కార్డు పట్టుకొని అక్కడికే పోయాను.

"మేడం, గీ కార్డు మీద నా మొగన్ని ఎవలు సంపిన్రు?"

ఆమె నా చెయ్యి పట్టుకొని స్టాల్ వెనక పరదా చాటుకు లాక్కుపోయింది. "మెల్లగా స్వరూపా. జనం ఉన్నారు."

"జనం ఉన్నరనే అడుగుతున్న. ఒక్కామె వచ్చి నన్ను ఓదార్చి పోయింది. నేను ఎవలకు ఏడ్వాలె?"

"అది కథ. ఉత్త కాగితాన్ని ఎవరూ కొనరు. కాగితం వెనక ఒక మనిషి కనిపించాలి, ఆ మనిషికి ఒక బాధ ఉండాలి. అప్పుడే చెయ్యి జేబులోకి పోతుంది."

"నాకు బాధలు లేవా? బీడీలు చేసి చేసి దగ్గు పట్టింది, రాయిన్రి. కాళ్లు మడిచి కూసోని మోకాళ్లు పోయినయి, రాయిన్రి."

"అవి అందరికీ ఉండేవే కదా."

అంత తేలిగ్గా అంది. నా దగ్గు ఆమె లెక్కకు రాలేదు, నా మోకాళ్లు రాలేదు. నా మొగుడు చస్తే తప్ప నేను మనిషిగా కనబడను.

"చావు గంత మంచిగ అమ్ముడుపోతే, మీ ఆయన ఫొటోకు దండేసి అంటిచ్చుకోన్రి. ఆయన పొద్దుమీకి కారు తోలుకొని వస్తడు కదా, జనానికి కనవడనీయకున్రి."

మేడం మొహం మాడిపోయింది. "హద్దు దాటి మాట్లాడుతున్నావు."

"హద్దు దాటింది నేనా, మీరా?"

ఆమె గొంతు తగ్గించింది. "అది పూర్తిగా అబద్ధమూ కాదు. మన కల్పనకు జరిగిందే. తనే నాకు చెప్పింది. పేరు వద్దంది, ఫొటో వద్దంది. అందుకే నీ ఫొటో పెట్టాను."

మా వెనక గదిలో పనిచేసే కల్పన భర్త దేవేందర్ గుండెపోటుతో పోయాడనే మాకందరికీ తెలుసు. సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపేవాడు. కల్పన దాచుకున్న చావును మేడం తీసుకొచ్చి నా మొగుడి మెడకు తగిలించిందన్నమాట.

"నా మొకం తీసేయిన్రి" అన్నాను.

"హైదరాబాద్ కంపెనీ వాళ్లు ఈ కథ చదివే కొత్త సంవత్సరం కార్డుల ఆర్డరంతా మనకిచ్చారు. కథ తీయడం కుదరదు. నువ్వు వద్దంటే మొహం మారుస్తాను. కల్పన కథ కల్పనకే పెడతాను. రేపొచ్చి ఫొటో తీస్తాను. సరేనా?"

నేను సరే అనలేదు. వద్దు అని కూడా అనలేదు. సంచి తీసుకొని బస్టాండుకు నడిచాను. మేడిపల్లి దాటేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూ మేడంను తిడుతూనే ఉన్నాను. పక్క సీటామె లేచి వెనక్కి పోయి కూర్చుంది.

సెంటర్ కిరాణా కొట్టు మీది అంతస్తులో ఉంటుంది. నేను మెట్లెక్కేసరికి అందరూ ఇళ్లకు పోయారు. వెనక గదిలో కల్పన ఒక్కతే చీటీలు అంటిస్తోంది.

"కల్పనా, ఇవి అంటించేది నువ్వే కదా."

"ఆ అక్కా." తల ఎత్తలేదు.

"సదివి అంటిస్తున్నవా, సదువకుంటనా?"

"సదివే."

అదిగో, అప్పుడు నాకు కల్పన మీద కూడా కోపం వచ్చింది. "నా పుస్తెలు నా మెడలుండంగ నన్ను ముండను చేసి రాస్తే, రోజూ చూసుకుంట గమ్ము రాస్తవా? ఒక్క మాట చెప్పనీకె నోరు రాలేదా?"

ఆ మాట కల్పన ముందు అనాల్సింది కాదు. ఆమె చెయ్యి ఆగింది. వేళ్లకంటిన గమ్ము కొంగుకు తుడుచుకొని నావైపు చూసింది.

"మా పోరడు అఖిల్ కరీంనగర్‌ల సదువుతున్నడు కదక్కా. దోస్తులందరికి నాయనకు గుండెపోటు వచ్చిందని చెప్పుకున్నడు. మేమిద్దరం ఇంట్ల కూడ గదే అనుకుంటం. ఇంకో మాట మాట్లాడం. ఒక్కనాడు కడుపుల ఆగక, చాయ్ తాగుకుంట మేడంకు చెప్పిన. ఎందుకు చెప్పిన్నో నాకే తెల్వది."

"గందుకని నా మొగన్ని ఇస్తవా?"

"నీ పేరు మీద ఉన్నన్ని దినాలు గది ఉత్త కథ అక్కా. మీ ఆయన ఆయితారం ఆయితారం ఇంటికొస్తనే ఉంటడు. గదే నా పేరు మీదికొస్తే నిజమైతది. మేడం గీ చీటీలు ఫోన్ల పెడ్తది, పోరడు చూస్తడు. వాని దోస్తులు చూస్తరు."

"రేపు నీ ఫొటో తీస్తదట" అన్నాను.

"నువ్వు ఒప్పుకున్నవా?"

నేను చీటీల కట్ట వైపు చూశాను. కల్పన ఇంకేం అడగలేదు. ఇంకో చీటీ తీసి, వెనక గమ్ము రాసి, కార్డు మీద మూలలు చూసుకొని అంటించింది. ఆమె అరిచి ఉంటే నేనూ అరిచేదాన్ని. అరవకపోయేసరికి నా కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మర్నాడు మేడం వచ్చేసరికి అందరం పనిలో ఉన్నాం. విషయం అప్పటికే తెలిసిపోయింది, మా దగ్గర ఏదీ మెట్ల దాకా కూడా ఆగదు. మేడం కిటికీ పక్కన కుర్చీ వేయించి ఫోన్ తీసింది. "కల్పనా, రా" అంది.

కల్పన వెనక గదిలోంచి వచ్చింది. వద్దనలేదు. చేతులు కొంగులో దాచుకొని, కుర్చీ అంచున కూర్చుంది.

"కొంచెం తల దించు" అంది మేడం. "ఇంకొంచెం. ఆ, అట్లా."

తల దించమంటే నాకు కోపం నెత్తికెక్కింది. చేతిలోని కాగితం విసిరేసి పోయి, కుర్చీకీ ఫోన్‌కూ మధ్య నిలబడ్డాను.

"తియ్యద్దు మేడం."

"మళ్లీ ఏమైంది? నిన్న నువ్వే కదా మార్చమన్నావు?"

"మార్చమనలేదు, తీసేయమన్న. చీటీయే వద్దు. కార్డు మంచిగుంటే కొంటరు, లేకుంటే లేదు."

మేడం ఫోన్ దించి అందరి వైపూ తిరిగింది. "చీటీ లేకపోతే ఆర్డర్ లేదు. ఆర్డర్ లేకపోతే సెంటర్ మూసేయాలి. అందరూ మళ్లీ బీడీలకే పోవాలి. వీళ్లకు నువ్వు చెప్తావా, నేను చెప్పాలా?"

నేను మావాళ్ల వైపు చూశాను. ఒక్కరూ తల ఎత్తలేదు. ఒక్కరన్నా లేచి నా పక్కన నిలబడతారనుకున్నాను. లచ్చవ్వ అయితే కాగితం చుట్టడం కూడా ఆపలేదు. వాళ్లందరి మీదా కోపం వచ్చింది. ఆ కోపాన్నీ మింగాల్సి వచ్చింది, ఎందుకంటే పొగాకు మానేశాకే లచ్చవ్వకు దగ్గు తగ్గి రాత్రుళ్లు నిద్ర పడుతోంది. ఆమెను మళ్లీ చాట ముందు కూర్చోమని ఏ నోటితో చెప్పను? వెనక కుర్చీలో కల్పన ఇంకా తల దించుకొనే ఉంది. ఎత్తమని ఎవరూ చెప్పలేదు మరి.

"అయితే ఉండనీయిన్రి" అన్నాను.

"ఏది?"

"నా మొకమే. రాసింది రాసినట్టే ఉండనీయిన్రి."

మేడం వెంటనే నమ్మలేదు. "తర్వాత గొడవ చేయొద్దు స్వరూపా. స్టాల్ దగ్గరైనా, ఫోన్ చేసైనా ఎవరన్నా అడిగితే అదే చెప్పాలి."

"ఏం చెప్పాలె?"

ఆమె చీటీ మీద రాయగలిగిన మాట నోటితో అనలేకపోయింది. ఆ మాట కూడా నాతోనే అనిపించాలని నిలబడి చూస్తోంది.

"నా మొగుడు ఉరి పెట్టుకొని సచ్చిపోయిండని చెప్త."

లచ్చవ్వ చేతిలోని పువ్వు వదిలేసి రెండు చెంపలూ వేసుకుంది. ఎవరో 'రామ రామ' అన్నారు. మేడం మాత్రం ఊపిరి పీల్చుకొని, నాది పెద్ద మనసు అంది. నీ మీద మన్నువడ, అన్నాను. చిన్నగానే అన్నాను కానీ వినబడేటంత చిన్నగా. ఆమె వినబడనట్టు ఫోన్ బ్యాగులో పెట్టుకొని మెట్లు దిగింది.

కల్పన లేచి నా ముందుకొచ్చి చేతులు జోడించబోయింది. "చెయ్యి దించు" అన్నాను. నాకు ఎవరి దండమూ అక్కరలేదు. ఆమెతో పాటు వెనక గదిలోకి పోయి కూర్చొని, సాయంత్రం దాకా చీటీలు అంటించాను. ఆ పని ఇక ఆమె ఒక్కదానితో చేయించబుద్ధి కాలేదు.

ఆదివారం నా మొగుడు గంగాప్రసాద్ వచ్చాడు. కాళ్లు కడుక్కొని, పీట వేసుకొని, అన్నంలో పప్పు కలుపుకుంటూ సాంచాల కాడి ముచ్చట్లు ఏవో చెప్పాడు. నేనేం వినలేదు. ఆయన ముద్ద నమలడం, నీళ్లు తాగడం, గుటక వేసినప్పుడు గొంతు దగ్గర కదలడం చూస్తూ కూర్చున్నాను.

"ఏందే గట్ల సూస్తున్నవ్?" అన్నాడు.

చెబుదామనే నోరు తెరిచాను. అంతమంది ముందు నువ్వు చచ్చిపోయావని చెప్పి వచ్చానని, అన్నం తింటున్న మనిషితో ఎట్లా అంటాను? నోరు తెరిచాక ఏదో ఒకటి రావాలి కదా. తిట్లు వచ్చాయి. ఆలస్యంగా వచ్చాడని తిట్టాను. గడ్డం గీసుకోలేదని తిట్టాను. మెతుకులు కింద పోశాడని, వారానికొక్కసారి చుట్టంలా వచ్చి పోతాడని తిట్టాను. తిట్టీ తిట్టీ నా గొంతు జీరపోయింది.

ఆయన ముద్ద చేతిలో పట్టుకొని, "నేనేం జేసిన్నే?" అన్నాడు.

ఆయనేమీ చేయలేదు. తిట్టడానికి చేతికందినవాడు ఆయనొక్కడే.