అనుమతి లేని ముఖం

ఎవరో పంపిన ఫిర్యాదుకు జతచేసిన జూదం ప్రకటన డోరియెట్ తెరిచి చూసింది; అందులో సింకు మీదికి వంగి వెక్కివెక్కి ఏడుస్తున్న ఆడమనిషి తనే.

బొమ్మ కింద పెద్ద అక్షరాలు. "మొగుడు వదిలేశాడు. అద్దె కట్టలేదు. ఒక్క స్పిన్‌తో నా బతుకు మారిపోయింది. - మరియా, ఇద్దరు పిల్లల తల్లి." పక్కనే ఇంకో బొమ్మ. అదీ తనే. చెల్లెలి పెళ్ళిలో గ్లాసు పైకెత్తి నవ్వుతున్న రోజుది. కింద తమ కంపెనీ గుర్తు, "ఇప్పుడే ఆడండి" అనే మీట.

గ్జీరా ఊరి రేవుకెదురుగా ఉన్న ఆ ఆన్‌లైన్ జూదం కంపెనీ ఆఫీసులో డోరియెట్ చేసే పనే ఇలాంటివి బయటికి రాకుండా చూడడం. కంపెనీకి ఊరూరా ప్రచార భాగస్వాములున్నారు. వాళ్ళు తమ సైట్లలో ఆటల గురించి ఊరించి రాస్తారు, మనుషుల్ని ఇటు పంపిస్తారు, ఆ మనుషులు పోగొట్టుకున్నదాంట్లో వాటా తీసుకుంటారు. వాళ్ళందరికీ డోరియెట్ ప్రతినెలా ఒక మెయిల్ రాస్తుంది. ఆడితే కష్టాలు తీరతాయని చెప్పకండి. కుర్రకారు ముఖాలు వాడకండి. బోనస్ షరతులు దాచకండి. ఒంటరితనాన్ని, దుఃఖాన్ని ఎరగా వెయ్యకండి. చెబితే అర్థం కాదని ఒక్కో నియమం కింద ఒక నమూనా కూడా ఇస్తుంది, 'ఇదుగో, ఇలా రాయకూడదు' అని. భాగస్వాములు తెరిచీ తెరవగానే అడుగున ఉన్న 'చదివాను' నొక్కేసి పోతారు. ఆ సంగతి ఆమెకు తెలుసు. అయినా రాస్తుంది, ఎవరూ తినని ఇంట్లో వంట చేసినట్టు.

ఆమె ఫోన్ పట్టుకుని హెన్రిక్ దగ్గరికి నడిచింది. భాగస్వాముల వ్యవహారమంతా ఆ స్వీడన్ మనిషిదే.

"అబ్బా, వీళ్ళా! మన పెద్ద చేపల్లో ఒకరు డోరియెట్. కొంచెం మెత్తగా చెప్పు."

"మెత్తగా ఏముంది? ప్రకటన తీయించాలి. ఖాతా ఆపాలి. వివరణ అడగాలి. నియమం అదే కదా."

"నియమాలు రాసేది నువ్వేగా, కాస్త వంచలేవూ?" నవ్వాడు. ఫోన్ దగ్గరికి తీసుకుని చూశాడు. "అయినా మోడల్ బాగా చేసింది. నిజంగా ఏడ్చినట్టే ఉంది."

ఏడేళ్ళుగా అతని ఎదుటి బల్లే ఆమెది. పుట్టినరోజు కేకు కొయ్యడానికి కత్తి ఎక్కడుందో ఆమెనే అడుగుతాడు. డోరియెట్ ఫోన్ వెనక్కి తీసుకుంది. ఏడేళ్ళుగా చూస్తున్న ముఖాన్ని అతను పోల్చుకోలేదు.

సింకు దగ్గర ఏడ్చిన ఆ రోజు మర్చిపోయేది కాదు. కడుపు పోయి, ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన ఆదివారం. అత్తగారు చెన్సీనా పైఅంతస్తు నుంచి దిగొచ్చి, "తింపానా చల్లారిపోతోంది అమ్మాయ్, ముందు వడ్డించు. ఏడవడానికి సాయంత్రమంతా ఉంది," అంది. అని, ప్రార్థనకు వేళైందని వెళ్ళిపోయింది. గిన్నెలు మిగిలాయి. వేడినీళ్ళు వదిలి, ఆ చప్పుడులో ఎవరికీ వినపడదని ఏడ్చింది. వంటింట్లో ఉన్నది ఇంకొక్కరే. పక్కనున్న బల్ల దగ్గర ఆమె భర్త ఎట్యెన్.

ఎట్యెన్ ఫుట్‌బాల్ సైట్లేవో నడుపుతాడు. అంతకు మించి అడిగితే, "నీకర్థం కాదులే," అంటాడు. ఆమె ఉద్యోగం అతనికెప్పుడూ నవ్వులాటే. స్నేహితుల ముందు, "మా ఆవిడ పోలీసు. జూదగాళ్ళకి మర్యాదలు నేర్పుతుంది," అనేవాడు. అలాంటివాడు ఏడాదిగా మారాడు. ఆమె అంట్లు తోముతుంటే కుర్చీ దగ్గరికి లాక్కుని, "ఇవాళ ఏం వద్దన్నావు? ఎందుకు వద్దన్నావు? అది చూస్తే జనం నిజంగా నొక్కేస్తారా?" అని అడిగేవాడు. చేతులకు నురగ అంటుకుని ఉండగానే ఆమె ఉత్సాహంగా చెప్పేది. పెళ్ళైన ఇన్నాళ్ళకు మొగుడు తన పని గురించి అడుగుతున్నాడని పొంగిపోయింది. ఆ సాయంత్రాల కోసం పొద్దుట్నుంచీ మాటలు పోగుచేసుకునేది. తనొక మనిషితో మాట్లాడుతున్నాననే అనుకుంది.

ఆ రోజు తొందరగా ఇల్లు చేరింది. చెన్సీనా బల్ల దగ్గర చిక్కుడుకాయలు ఒలుస్తోంది. ఎదురుగా ఎట్యెన్, చేతిలో కాఫీ, బల్ల మీద ఫోన్.

"పెందలాడే వచ్చావే! ఉద్యోగం ఊడిందా ఏమిటి?" అన్నాడు.

"ఊడితే మంచిదేలే, ఇల్లు కాస్త తుడుస్తుంది," అంది అత్తగారు, తలెత్తకుండా.

డోరియెట్ బ్యాగు కూడా దించకుండా లాప్‌టాప్ తెరిచింది. మెయిల్ ఆఫీసులోనే రాసి ఉంచింది; ఆ భాగస్వామి ఖాతా మీద మనిషి పేరు లేదు, సైటు పేరే ఉంది. మీ ప్రకటన మా నియమాలకు విరుద్ధం. మీ ఖాతా ఈ క్షణం నుంచి నిలిపివేయబడింది. ఇది పంపితే మొగుణ్ణి తన చేత్తో తనే పట్టించినట్టు. ఇంటికొచ్చే రాబడి ఆగుతుంది, బహుశా కాపురమే ఆగుతుంది. పంపకపోతే ఆ ముఖం ముక్కూమొహం తెలియని వాళ్ళ ఫోన్లలో ఏడుస్తూనే ఉంటుంది, వాళ్ళు నొక్కుతూనే ఉంటారు. ఒకవేళ తను పొరబడితే? మరెవరి చేతికైనా ఆ ఫోటో చిక్కి ఉంటే? అలా అయితే బావుండునని ఇంకా అనిపిస్తోంది.

పంపింది.

కాఫీ కప్పు పక్కన ఎట్యెన్ ఫోన్ మోగింది.

అతను చదివాడు. చెవులు ఎర్రబడ్డాయి. ఆమె వైపు చూసి, తల్లి వైపు చూసి నవ్వబోయాడు.

"డోరీ, ఇదేంటి? ఇంట్లో కూర్చుని మొగుడికి నోటీసా? తీసేస్తాలే, గొడవెందుకు."

"ఏమైందిరా?" అంది చెన్సీనా.

"ఏం లేదమ్మా, దీని ఆఫీసు గోల."

డోరియెట్ కుర్చీ లాక్కుని అతనికెదురుగా కూర్చుంది.

"భాగస్వామి తన మాటల్లో వివరణ ఇచ్చుకోవాలి. కంపెనీ నియమం. అందరికీ ఇచ్చే అవకాశమే నీకూ ఇస్తున్నా. చెప్పు, రాసుకుంటాను. ఒక్క అక్షరం మార్చను."

"పిచ్చా నీకు?"

"ఆ ఫోటో గురించి మొదలుపెట్టు."

అత్తగారి చేతిలో చిక్కుడుకాయ ఒలవకుండానే ఉండిపోయింది. ఎట్యెన్ కప్పు అటూ ఇటూ తిప్పాడు. తర్వాత, పక్కింటి వాడి సంగతి చెబుతున్నట్టుగా మొదలుపెట్టాడు. ఆమె వేళ్ళు టైప్ చేస్తూ పోయాయి.

"నువ్వు వద్దన్నవే పనిచేస్తాయి డోరీ. నువ్వే చెప్పావుగా, ఏది చూస్తే జనం ఆగలేరో. నీ మెయిల్‌లో నమూనాలు తీసుకున్నా, పేరు మార్చా, అంతే. బొమ్మలు కొంటే అన్నీ దొంగేడుపులు, ఎవరూ నొక్కలేదు. అప్పుడు నీది ఉందని గుర్తొచ్చింది. తప్పే. కానీ ప్రకటన కోసం తియ్యలేదు, ఒట్టు. ఆ రోజు నువ్వు ఏడుస్తుంటే లేచి నీ దగ్గరికి రావాలనే అనుకున్నా. కిటికీలోంచి వెలుతురు నీ ముఖం మీద బాగా పడుతోంది. ఒక్క ఫోటో తీసుకుని వద్దామనుకున్నా. తీసుకున్నాక, ఎలా వచ్చిందో చూసుకుంటూ... రావడం మర్చిపోయా."