ఎన్నంటే అన్ని చదివాను

నేను ఒక పాయింటర్‌ని, విలువ ఎక్కడుందో చూపే వేలులాంటిదాన్ని. సీ అనే కంప్యూటర్ భాషలో నన్ను వీఏ లిస్ట్ అంటారు. ప్రోగ్రాములో లెక్కలు చేసిపెట్టే కొన్ని ఫంక్షన్లకు ఇన్నే విలువలు ఇవ్వాలన్న నియమం ఉండదు. రెండిచ్చినా, పదిచ్చినా పుచ్చుకుంటాయి. వాటిని చదివిపెట్టేది నేనే. పంక్తిలో వడ్డించేవాడిలా ఒక్కో విలువ దగ్గరా ఆగి ముందుకు జరుగుతాను. పంక్తి ఎక్కడ ఆఖరో మాత్రం నాకు కనబడదు. ఎన్నున్నాయో పిలిచినవాళ్లే ముందు చెప్పాలి. వాళ్ల మాటే నాకు వేదం.

నన్ను రాసింది వకుళ. గుంటూరులో మిరపకాయల కోల్డ్ స్టోరేజీకి ప్రోగ్రాములు రాసే చిన్న ఆఫీసులో ట్రైనీ. నాలుగు గదుల ఉష్ణోగ్రతలు చదివి సరాసరికి అందించడం నా కొలువు. పనయ్యాక నన్ను మర్యాదగా సాగనంపే లైను కూడా మరిచిపోకుండా రాసింది. ఎంత పొంగిపోయానో, వెర్రిమొహాన్ని!

ఆమె ఉద్యోగం ఖాయం చేసే వారంలోనే నాలుగో గదిని మరమ్మతుకని మూశారు. వకుళ ఆ గది విలువను తీసేసింది. ఎన్నున్నాయో చెప్పే నాలుగు అంకెను మూడు చేయడం మరిచింది. నాలుగన్నారు గనక నాలుగూ చదివాను. నాలుగో చోట ఉన్నది మెమరీలో ఎవరో వదిలేసిన చెత్త అంకె. అదీ ఉష్ణోగ్రతే అనుకుని అందించాను. సైరన్ మోగింది. హమాలీలు భుజాన మోస్తున్న మిర్చి టిక్కీలు ఎక్కడివక్కడ పడేసి బయటికి పరుగెత్తారు.

"ఏందమ్మా వకుళా, గదిలో ఏడువేల డిగ్రీలంట! మిరక్కాయలేంది, ఇనుమే కరిగి కారిపోద్ది. తప్పెక్కడుందో చూడు," అన్నారు టీమ్ హెడ్ అంకమ్మరావు గారు.

వకుళ తన లైను తెరిచి చూసింది. చప్పుడు చేయకుండా నాలుగును మూడు చేసింది. మూడూ సరిగ్గా చదివాను. ఇక తప్పు తనదేనని చెబుతుందిలే అనుకున్నాను.

"ఆ చదివే పద్ధతే మంచిది కాదు సార్. ఒక్కోసారి ఇష్టమొచ్చింది చదివేస్తది. తీసేసి వేరేది రాస్తా," అంది.

"తీసెయ్ తల్లీ, పీడా పోద్ది."

ఇష్టమొచ్చింది చదివానా? నేనా? నీ చేత్తో పుట్టించి నీ చేత్తోనే గొంతు కోశావే వకుళా! మనుషులింతేనేమో, బరువంతా నోరులేని దాని నెత్తినే దింపుకుంటారు.

ఆమె ఉద్యోగం ఖాయమైంది. ఆఫీసంతా పూతరేకులు పంచింది. నన్ను చెరిపేసినా బాగుండేది. నా లైన్ల ముందు రెండేసి గీతలు పెట్టి, కంప్యూటర్ కూడా నా వైపు చూడకుండా చేసి, పాత ఫైలు అడుగున పడేసింది. నా నెత్తిన ఒక ముక్క రాసింది: "వాడొద్దు. తప్పు చదువుతుంది."

ఎవరేమిస్తే అది చదవడమే నా బతుకు. ఇప్పుడు నాకు మిగిలింది ఆ ఒక్క లైనే. రోజూ చదువుతున్నాను, ఒక్క అక్షరం తప్పు పోకుండా.