వార్తల మీద మా ఆయన అభిప్రాయాలు

పులుసులోకి ములుఖియా ఆకు తరిగేటప్పుడు నేను ఎక్కువగా మాట్లాడతాను. రెండు పిడులున్న వంపు కత్తిని చెక్క మీద ఇటూ అటూ ఊపుతుంటే చేతులకు పనుంటుంది, బుద్ధికి ఉండదు. ఆ ఖాళీలోకి పొద్దున చదివిన వార్తలన్నీ వచ్చి కూర్చుంటాయి. బాలికల బడిలో గ్రంథాలయం చూసుకుంటాను నేను. ఎనిమిది గంటలకల్లా పత్రికలకు ముద్ర వేసి, దారం కట్టి, బల్ల మీద పరచాలి. ఎవరూ చదవరు కనుక నేనే చదువుతాను. ఏ కంపెనీ ఏ కంపెనీని మింగింది, కొత్త ఫోనులో కొత్తగా ఏముంది, ఏ నటి ఏ ధారావాహిక మధ్యలో తప్పుకుంది. మధ్యాహ్నం ఇంటికొచ్చి అవన్నీ ఆకుకు చెప్పుకుంటాను. మా ఆయన వగ్దీ వంటింటి గుమ్మంలో స్టూలు వేసుకుని వింటాడు. పెళ్ళయిన పదకొండేళ్ళకు నా మాట వినే మొగుడు దొరికాడని మొదట్లో పొంగిపోయాను. అతని మోకాలి మీద చిన్న పుస్తకం ఉందని చాలా రోజుల తర్వాత చూశాను.

శుక్రవారం నమాజు అయ్యాక వగ్దీ ఫోను ముందు కూర్చుని ఆ వారం వార్తల మీద పావుగంట మాట్లాడి లోకంలోకి వదులుతాడు. రేవు కార్యాలయంలో గుమాస్తాకు అరవై వేలమంది శ్రోతలు. 'అలెగ్జాండ్రియా మొత్తంలో ఇంత తీరిగ్గా, ఇంత తేటగా మాట్లాడేవాడు లేడు' అని రాస్తారు. తీరిక మాత్రం అతనిదే.

"చూశావా ఇన్షిరాహ్, నా కొడుకు బుర్ర! అచ్చం వాళ్ళ నాన్నే" అన్నారొకసారి అత్తయ్య తఫీదా, నేను అందించిన మాత్ర మింగుతూ.

"ఈ వారం ఆయన చెప్పింది మొన్న నేనన్నదే అత్తయ్యా."

"అయితే ఏమయిందే? నువ్వు వండింది వాడు తింటే తప్పులేదు కానీ, నువ్వన్నది వాడంటే తప్పొచ్చిందా?"

నూనె సీసా తీసి ఆవిడ మోకాళ్ళకు రాయడం మొదలుపెట్టాను.

మా వైపు మగవాళ్ళు పరాయి మగవాళ్ళ ముందు భార్య పేరెత్తరు. వగ్దీ కూడా "మా ఇంటివాళ్ళు" అనే అంటాడు. అది కూడా నవ్వించాలనుకున్నప్పుడే. "మా ఇంటివాళ్ళకు ఈ వ్యాపారాలూ అవీ ఎక్కవులెండి. వాళ్ళ లోకం పొయ్యి, పొయ్యి కింద పిల్లి." ఆ మాట అన్నరోజు పక్క గదిలో విని నేనూ నవ్వాను. నా నవ్వు నాకు వినపడింది. అందరితోపాటు నవ్వేస్తే ఆ మాట నన్ను కాదన్నట్టు ఉంటుందని, అందుకే నవ్వానని గుర్తుపట్టడానికి నాకు మూడు శుక్రవారాలు పట్టింది.

ఆ తర్వాత వచ్చింది ఆ యంత్రం వార్త. అరచేతిలో పట్టేంత డబ్బా. ఇంట్లో పెడితే ముసలివాళ్ళ మందుల వేళలు గుర్తుచేస్తుంది, పిల్లల పాఠాలు అప్పజెప్పించుకుంటుంది, వంట చెబుతుంది. దానికి గొంతు అరువిచ్చింది ఒకప్పటి పెద్ద నటి. అరువు కూడా కాదు, గొంతుకు మంచి ధర కట్టారట. కంపెనీ పేరు దేశమంతా మోగిపోతోంది.

"ఇల్లు గుర్తుపెట్టుకోవడానికి ఇంత విలువుందని ఇన్నాళ్ళూ ఎవరూ అనలేదు" అన్నాను ఆకుతో. "ములుఖియా కూడా చెబుతుందట. తాలింపు పోసేటప్పటి ఊపిరి కూడా పీలుస్తుందా? పీలిస్తే దేనికి పీల్చినట్టు?"

ఇక్కడ ఏ ఇంట్లోనైనా అంతే. నేతిలో వేగిన వెల్లుల్లిని పులుసులో ఒంపగానే వండే ఆడమనిషి ఉలిక్కిపడ్డట్టు 'హా' అని ఊపిరి లోపలికి లాక్కుంటుంది. లేకపోతే రుచి రాదంటారు. మా అమ్మ లాక్కునేది, అత్తయ్య ఇప్పటికీ వీధిలోకి వినిపించేలా లాక్కుంటారు. ఎందుకని ఎవరూ అడగలేదు.

"అదిరింది! మళ్ళీ చెప్పు, మళ్ళీ చెప్పు" అని వగ్దీ పెన్ను విదిలించాడు.

ఆ శుక్రవారం మాటలు ఎక్కడెక్కడికో పోయాయి. సోమవారం రేడియో నుంచి మదామ్ రావియా అనే ఆవిడ ఫోను చేసింది. గురువారం వచ్చి మాట్లాడి చూపిస్తే, బాగుంటే ప్రతివారం అరగంట అతనికే ఇస్తామంది. జీతం కూడా.

చొక్కా ఇస్త్రీ చేస్తూ అడిగాను. "నా పేరు చెబుతారా?"

"ఎక్కడ?"

"రేడియోలో. ఈ మాటలు నావని."

"పిచ్చిదానా! ఊరంతా వినేచోట నీ పేరెత్తనా? మర్నాడు రేవులో తలెత్తుకు తిరగనా వద్దా? నీ పరువు కోసమే చెబుతున్నా."

"నా పరువా?"

"మన పరువు, సరేనా! అయినా నువ్వు చెప్పేదేముంది, ఆకు తరుగుతూ ఏదో గొణుగుతావు. దాన్ని మాటగా చేసేది నేను."

కోపం రాలేదు. అదే నన్ను భయపెట్టింది. రెండు రోజులు ఆ వాక్యాన్ని లోపల తిప్పి తిప్పి చూసుకున్నాను. నిజమేనేమో, అతని పుస్తకంలో పడితే తప్ప నాది మాట కాదేమో. బుధవారం బడిలో పత్రికలకు దారం కడుతుంటే ఒక నటి యాభయ్యో ఏట తల్లి పాత్రలు వెయ్యనని ఇంట్లో కూర్చున్న వార్త చూశాను. చూసి ఏడ్చాను. ఎందుకేడ్చానో నాకు స్పష్టంగా తెలుసు, నాలుగు వాక్యాల్లో చెప్పగలను. కానీ ఇది వగ్దీకి చెప్పనని అప్పుడే తెలిసింది. అతని నోట్లో ఇమడదు. అప్పుడర్థమైంది, నేను చాలాకాలంగా అతని నోటికి సరిపడేలా నా ఆలోచనను కత్తిరించి ఇస్తున్నానని. మిగిలిన ముక్కలు ఎక్కడికీ పోలేదు. అన్నీ నాలోనే ఉన్నాయి, ఎవరూ గొణుగుడు అనని చోట.

గురువారం నాలుగింటికి పొయ్యి ముందుండగా ఫోను మోగింది. వగ్దీ గుసగుసగా మాట్లాడుతున్నాడు.

"రేడియో వాళ్ళ నడవలో ఉన్నా. అంతా బ్రహ్మాండంగా నచ్చింది. ఒక్కదగ్గర ఆ మదామ్ పట్టుకుంది. ఆ ఊపిరి గురించి. 'ఆ క్షణంలో లోపల ఏమవుతుంది, ఉస్తాద్?' అంటోంది. మంచినీళ్ళకని బయటికొచ్చా. తొందరగా చెప్పు."

వెల్లుల్లి రంగు తిరిగింది. ఆగితే మాడిపోతుంది. పులుసులో ఒంపాను, ఊపిరి దానంతటదే లోపలికొచ్చింది.

"ఆఁ, అదే! అది ఎందుకు?"

నాకు తెలుసు. పొద్దున్నుంచి నా నోటి నుంచి ఊపిరి బయటికే పోతుంది. వస్తున్నా, ఇదిగో, అలాగే, పరవాలేదు. రోజు మొత్తంలో ఎవరి కోసమూ కాకుండా నేను లోపలికి తీసుకునేది ఆ ఒక్కటే. పులుసు కోసమని అందరూ అనుకుంటారు కాబట్టి ఎవరూ అడ్డు చెప్పరు. ఇది చెప్పడానికి అరనిమిషం చాలు. అతనికి ఉద్యోగం వస్తుంది, ఇంటికి జీతం వస్తుంది. నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"ఫోను ఆవిడకివ్వండి" అన్నాను.

"ఏంటి?"

"అడిగిన మనిషికే చెబుతాను."

"ఇన్షిరాహ్, ఆటలాడకు! ఆచారం అని చెప్పేస్తా, పోనీ."

"చెప్పండి. అది మాత్రం నిజంగా మీ అభిప్రాయమే."

"నీకు దణ్ణం పెడతా, నా బతుకు..."

వెనక తలుపు తెరుచుకున్న చప్పుడు. ఆడగొంతు. "ఉస్తాద్ వగ్దీ, నీళ్ళు అటుపక్క కదా? ఎవరితో మాట్లాడుతున్నారు?"

"మా... మా ఇంటివాళ్ళు, మదామ్."

"జవాబు వాళ్ళ దగ్గరుందా?"

అతను ఏమీ అనలేదు. ఇన్నేళ్ళలో నా మాటకు అతనిచ్చిన మొదటి మర్యాద ఆ మౌనమే అనిపించింది. ఫోను చేతులు మారిన గరగర వినిపించింది.

"హలో? చెప్పండమ్మా, వింటున్నాను."

పొయ్యి కట్టేసి, కుర్చీ లాక్కుని కూర్చున్నాను. నిలబడి చెప్పే మాట కాదది.