బుట్టలోకి రాని కాగితం

ఆయమ్మ చెత్తబుట్టను ఒక్కసారిగా బోర్లించదు. ముందు పక్కకు వంచి లోపలికి తొంగి చూస్తుంది. నాలుగో తరగతి బుట్టలో ఈ ఉదయం మూడు కాగితపు విమానాలు, ఉండలు చుట్టిన రంగుల కాగితాలు ఓ పదిహేను, పెన్సిలు చెక్కిన పొట్టూ ఉన్నాయి. ఒక ఉండను విప్పి మోకాలి మీద సాపు చేసింది. నక్షత్రాలు, నవ్వే సూర్యుడు, ఎవరూ నింపని గళ్ళు. పాపం, ఈ పాఠమూ పిల్లల ఒంటికి పట్టలేదు అనుకుంది.

ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆమె ఈ బడిని ఊడుస్తోంది. చదువు సంతకం దాకానే. అయినా ఏ తరగతిలో ఏ పాఠం నిలిచిందో, ఏది నీళ్ళపాలైందో ఆమెకు తెలిసినంతగా హెడ్మాస్టరుకు కూడా తెలియదు. నచ్చిన పాఠం కాగితాన్ని పిల్లలు సంచిలో దాచుకుని ఇంటికి పట్టుకుపోతారు. నచ్చనిది విమానమై కాసేపు ఎగిరి, ఆమె చీపురు కిందికి వస్తుంది.

ఇవాళ ఆమెకు బడిలో ఆఖరి రోజు. మోకాళ్ళు మాట వినడం మానేసి ఏడాదైంది. సాయంత్రం నుంచి మకాం చెల్లెలి ఇంట్లో. సన్మానాలూ ఉపన్యాసాలూ వద్దని గుమాస్తా చేత ఒట్టు వేయించుకుంది కాబట్టి ఆ సంగతి ఇంకెవరికీ తెలియదు.

మధ్యాహ్నం స్టాఫ్ రూము తుడవడానికి వెళ్తే కొత్త టీచరమ్మ ఒక్కతే ఉంది. భోజనం డబ్బా మూతైనా తీయకుండా ఫోనులో తల దూర్చి కూర్చుంది.

“ఏంటి తల్లీ, ముద్ద దిగట్లేదా?”

“చివరి పీరియడ్‌కి హెడ్మాస్టరుగారు నా క్లాసులో కూర్చుంటారంట ఆయమ్మా. ఐదో తరగతి, కొలతల పాఠం. బాగుంటేనే ఉద్యోగం. లేకపోతే ఈ నెలతో సరి. పాఠం ఎలా చెప్పాలో రాసిపెట్టిన ప్లాను కోసం వారం నుంచి నెట్‌లో వెతుకుతున్నాను. ఉత్తినే వచ్చేవి ఉప్పూ కారం లేని కూరలా ఉన్నాయి. బాగున్నవేమో నా జీతానికి అందవు.”

ఐదేళ్ళలో ఆ కుర్చీలోకి నలుగురు వచ్చారు, నలుగురూ పోయారు. ఈ పిల్ల రెండు రోజుల్లో క్లాసంతటి పేర్లూ నేర్చుకుంది. ఈ పిల్లైనా నిలవాలని ఆయమ్మకు ఆశ.

టీచరమ్మ ఫోను ఆమె ముందుకు జరిపింది. “ఈ రెండూ మిగిలాయి. మొదటిది లక్షమంది కొన్నారంట. రెండోదాన్ని మెచ్చుకున్నది ఒక్కరే. ధర కూడా ఒక టీ ఖరీదు.”

మొదటిదాంట్లో నక్షత్రాలు, నవ్వే సూర్యుడు. ఆయమ్మ ఫక్కున నవ్వింది. “వీటిని గోనెసంచులకెత్తానమ్మా. పొద్దున కూడా ఎత్తాను.”

రెండోది నలుపూ తెలుపూ. ఎక్కడో ఎవరో టీచరు తీరిగ్గా కూర్చుని చేత్తో గీసినట్టుంది. ఒక పాదం, పక్కన కత్తెర.

“ఈ పాదం నాకు తెలుసు. బదిలీ అయిపోయిన లెక్కల మేష్టారు మూడేళ్ళ కిందట చేయించారు. ఆ రోజు బుట్టలో కత్తిరించిన అంచులే గానీ పాదాలు నాలుగు కూడా రాలేదు. ఇదే కొనండి.”

అనడం అయితే అనేసింది గానీ, వెంటనే భయం వేసింది. తన మాట నమ్మి పిల్ల ఉద్యోగం పోగొట్టుకుంటే?

“అయితే ముందు మీ మీదే చేసి చూస్తాను” అంటూ టీచరమ్మ నేల మీద కాగితం పరిచింది.

“ఛ, ఈ బీటలు వారిన కాలా?”

టీచరమ్మ వినలేదు. మోకాళ్ళ మీద కూర్చుని, పెన్సిలుతో ఆ పాదం చుట్టూ మెల్లగా గీసింది. మడమ దగ్గర బీటల్ని కూడా వదలకుండా వేసి కత్తిరించింది. ఆ కాలి వంక అంత శ్రద్ధగా చూసినవాళ్ళు ఆమె ఎరిగినంతలో లేరు.

చివరి పీరియడ్‌లో ఆమె చీపురు పట్టుకుని వరండాలో నిలబడింది. ఊడవడానికి కాదు, ఊరికే. లోపల పిల్లలు నేలంతా పరుచుకుని పాదాలు గీస్తున్నారు. హెడ్మాస్టరును కూడా బూటు విప్పమన్నారు. మేజోడు కన్నంలోంచి బొటనవేలు బయటికి చూసింది. క్లాసు గొల్లుమంది. ఆయన ముఖం కందగడ్డయింది, తర్వాత ఆయనా నవ్వేశాడు.

“వరండాలో రోజూ నడిచేది ఎవరు? ఆయమ్మ పాదంతోనే కొలుద్దాం రండి” అంది టీచరమ్మ.

ముప్పై ఆరుగురూ ఆ కాగితాన్ని జరుపుకుంటూ, ఆమె ఊడ్చిన నేల మీద పాకారు. ఈ చివరి నుంచి ఆ చివరికి రెండు వందల నలభై పాదాలు. పోనూ రానూ, రోజుకు రెండుసార్లు, ఏడాదికి రెండు వందల రోజులు, ఇరవై ఎనిమిదేళ్ళు. అందరూ లోపలికి వచ్చాక నల్లబల్ల మీద అంకెలు పెరుగుతూ పోయాయి. ఒక పాప గుక్కతిప్పుకోకుండా చదివింది.

“యాభై మూడు లక్షల డెబ్భై ఆరు వేల పాదాలు!”

ఆయమ్మ గుమ్మంలోంచి నోరు తెరుచుకుని ఆ అంకె వంకే చూసింది. అంత పెద్దది తనదంటే నమ్మకం కుదరలేదు. వెనక బెంచీలో ఒకడు లేచాడు.

“అంత దూరం నడిచి ఎక్కడికెళ్ళారు ఆయమ్మా?”

“ఎక్కడికీ వెళ్ళలేదు నాయనా. ఇక్కడే ఉన్నాను.”

“వచ్చే ఏడు కూడా ఈ పాఠం మీరే చెప్పాలమ్మా” అని హెడ్మాస్టరు టీచరమ్మతో అని, తన పాదాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

గంట కొట్టాక, అందరూ వెళ్ళాక, ఆయమ్మ ఐదో తరగతి ఊడ్చింది. బుట్టను పక్కకు వంచి చూసింది. అన్నీ కత్తిరించిన అంచులే. చెయ్యి పెట్టి అడుగుదాకా కెలికింది. పాదం ఒక్కటంటే ఒక్కటి లేదు. ఇరవై ఎనిమిదేళ్ళలో ఇలాంటి బుట్టను ఆమె చూడలేదు.

నల్లబల్ల అంచున గుండుసూదికి తన పాదం ఉంది. పట్టుకుపోదామని సూది మీద వేలు పెట్టింది. రేపు పక్క సెక్షనుకు ఇదే పాఠమని టీచరమ్మ అనడం గుర్తొచ్చి వేలు తీసేసింది. చీపురు మూలన నిలబెట్టి, తాళాలు గుమాస్తాకిచ్చి, వెనక గేటులోంచి వెళ్ళిపోయింది.

నల్లబల్ల మీద ఆ పెద్ద అంకె ఇంకా చెరగలేదు. దాని పక్కన, వేళ్ళు వరండా వైపు తిరిగి, మడమ బీటలతో సహా ఒక కాగితపు పాదం.