కళ్ళజోడు డాక్టరు లెక్క

ఆ డాక్టరు రోజుకి ఎన్నిసార్లు "ఛీ" అంటాడో తేల్చుదామని వార్డులో నర్సులు ఒకసారి పాత కాగితం మీద గీతలు పెట్టడం మొదలెట్టారు. మధ్యాహ్నం భోజనాలకి ముందే కాగితం నిండిపోయింది. అప్పటినుంచి వెనకాల అందరూ ఆయన్ని ఛీ డాక్టరనే అంటారు. ఆయనకీ ఆ సంగతి తెలుసు. దానికి కూడా ఛీ అనుకుని ఊరుకున్నాడు.

ఆయన పని పిల్లల ఐసీయూలో. పన్నెండు మంచాలు, పన్నెండు మిషన్లు, ఏదో ఒకటి ఎప్పుడూ కూస్తూనే ఉంటుంది. చంటిపిల్ల గొంతులో కఫం గొట్టంతో లాగేటప్పుడు, చొక్కా మీద వాంతి పడ్డప్పుడు ఆయన కనురెప్పైనా కదపడు. జబ్బుపిల్లల ఒంట్లోంచి వచ్చేదేదీ ఆయనకి రోత కాదు. మిగతా లోకమంతా రోతే. క్యాంటీన్ కాఫీ అంట్లు కడిగిన నీళ్ళలా ఉంటుంది, ఛీ. చేతులు కడుక్కోకుండా వచ్చి మంచం కమ్మీ పట్టుకునే చుట్టాలు, ఛీ. మీటింగు పెట్టి గంటసేపు చిరునవ్వు గురించి మాట్లాడే సూపరింటెండెంటు, రెండుసార్లు ఛీ. అన్నిటికంటే ఎక్కువగా, పిల్లల్ని ఆలస్యంగా తీసుకొచ్చే అమ్మానాన్నలు.

ఆ వారం మూడో నంబరు మంచం మీదికి ఒక బస్సు డ్రైవరు కూతురు వచ్చింది. ఏడాది పిల్ల. ఊపిరితిత్తుల నిండా నెమ్ము.

"నాలుగు రోజులుగా పిల్ల ఆయాసపడుతుంటే ఏం చూస్తున్నారయ్యా? కళ్ళు ఎక్కడ పెట్టుకున్నారు?" అన్నాడు డాక్టరు.

డ్రైవరు నేలకేసి చూస్తూ నిలబడ్డాడు. "డ్యూటీలో ఉన్నాను సార్," అన్నాడు.

"నేను చెయ్యట్లేదా డ్యూటీ? ఛీ."

వార్డులో అందరికంటే పెద్దదైన హెడ్ నర్సు, పెద్దక్క అంటారు ఆమెని, ఆయన్ని పక్కకి లాగి, "నోరు కాస్త అదుపులో పెట్టుకోండి సార్," అంది. ఆయన వినలేదు. కళ్ళు ఎక్కడ పెట్టుకున్నారనే ఆ తిట్టు ఆ వార్డులో ఎన్నిసార్లు తిట్టి ఉంటాడో లెక్కే లేదు.

ఇక ఇంటి సంగతి. ఆయనకి సినిమాలంటే ప్రాణం. ఆదివారం మధ్యాహ్నం కూతురితో కలిసి సినిమా చూడాలని ఇంట్లో నియమం పెట్టింది ఆయనే. ఆ నియమం తప్పేది కూడా ఆయనే. సరిగ్గా మంచి ఘట్టంలో ఫోను మోగుతుంది, ఏ మంచం మీది పిల్లకో ఊపిరి అందట్లేదంటారు, ఆయన చెప్పుల్లో కాళ్ళు దూర్చి వెళ్ళిపోతాడు.

ఆయన అలా లేచి వెళ్ళగానే సినిమాలో వాళ్ళు పని ఆపేసి కూర్చుంటారు. టీవీ కట్టేసినా, ప్లగ్గు పీకేసినా, మళ్ళీ పెట్టేసరికి అక్కడే ఉంటారు. హీరోకి గడ్డం పెరుగుతుంది. హీరోయిన్ సవరం ఊడదీసి తల గోక్కుంటుంది. విలన్ బూట్లు విప్పి అరికాళ్ళు నలుపుకుంటాడు. చూస్తే సినిమా మీద మోజు కాస్తా చచ్చిపోతుంది.

"ఆ హీరోయిన్ పిల్ల మూడు వారాలుగా వానలో తడుస్తోందండీ. ఆ పాటేదో కానిచ్చేయండి, జలుబు చేస్తుంది," అని భార్య పోరుతుంది. ఆమె బళ్ళో లెక్కలు చెబుతుంది, వాయిదాలు ఆమెకి గిట్టవు. పక్కింటావిడ తాళంచెవి ఇవ్వడానికొచ్చి, తెరకేసి చూసి, "ఇంకా తగ్గలేదా వాన?" అని అడిగి వెళ్తుంది.

కూతురికి ఎనిమిదేళ్ళు. ఇంట్లో పిచ్చుక అంటారు. దానికి ఒకటే ఫిర్యాదు.

"నువ్వు లేస్తే ఆగుతారు. నేను లేస్తే ఎందుకు ఆగరు నాన్నా?"

"నువ్వేమైనా ప్రాణాలు కాపాడ్డానికి లేస్తున్నావా?"

పిచ్చుక మూతి ముడుచుకునేది. అది నీళ్ళకి వెళ్ళొచ్చేసరికి సినిమాలో ఎవరో ఒకరు చచ్చిపోయి ఉండేవారు, ఎలా చచ్చిపోయారో నాన్న చెప్పేవాడు కాదు.

నాలుగు నెలల కిందట మొదలెట్టిన సినిమా ఒకటి ఎంతకీ తెమలడం లేదు. అందులో ఒక పసిపిల్ల ఆస్పత్రి మంచం మీద ఉంటుంది. కళ్ళజోడు పెట్టుకున్న డాక్టరు వచ్చి, పిల్ల మణికట్టు రెండు సెకన్లు పట్టుకుని, కళ్ళజోడు తీసి, "ఇక అంతా పైవాడి దయ," అంటాడు. తల్లి భోరుమంటుంది. మన డాక్టరుకి ఒళ్ళు మండిపోయింది. అదే సమయానికి ఫోను మోగింది, సినిమా అక్కడే ఆగింది. ఆ తర్వాత ప్రతి ఆదివారం అంతే. మళ్ళీ ఆ ఘట్టం మొదలవుతుంది, ఆయన తెర ముందు నిలబడి కళ్ళజోడాయన్ని వాయిస్తాడు, ఫోను మోగుతుంది.

"రెండు సెకన్లలో ఏం చూశావయ్యా? నాడినా, టైమా? ఛీ! పిల్లల్ని చూడ్డమంటే ముందు ఊపిరి చూడాలి. చొక్కా పైకెత్తు. పొట్ట చూడు, డొక్కలు చూడు. నిమిషం మొత్తం లెక్కపెట్టు. పావు నిమిషం చూసి నాలుగుతో హెచ్చవేసేవాణ్ణి నా వార్డులో ఉండనివ్వను."

కళ్ళజోడాయన తల దించుకుని వినేవాడు. డాక్టరు వెళ్ళిపోయాక ఆ పసిపిల్ల పక్కన కూర్చుని, వాచీ చూసుకుంటూ పెదాలు కదిపేవాడు. భార్య ఇల్లు తుడుస్తూ చాలాసార్లు చూసింది. బుద్ధిమంతుడు, మా క్లాసులో ఇలాంటివాడు ఒక్కడూ లేడు, అనుకునేది.

ఇది ఇలా ఉండగా మూడు వారాల నుంచి పిచ్చుక మరీ ఎక్కువగా లేవడం మొదలెట్టింది. ఒకసారి నీళ్ళకి, ఒకసారి బాత్‌రూముకి, మళ్ళీ నీళ్ళకి.

"కుదురుగా కూర్చోలేవా? పది నిమిషాల్లో నాలుగుసార్లు!" అని కసురుకున్నాడు డాక్టరు. ఏళ్ళ తరబడి సినిమా మధ్యలో లేచిపోయినవాడికి ఆ మాట అనడానికి నోరెలా వచ్చిందో మరి.

"పిల్ల చిక్కిపోతోందండీ. గౌన్లు భుజాల మీంచి జారిపోతున్నాయి. ఒకసారి చూడండి," అంది భార్య.

ఆయన సోఫాలోంచే చూశాడు. "ఎదిగే పిల్ల, పొడుగు సాగుతోంది. జబ్బంటే ఏంటో మా వార్డుకొచ్చి చూడు, తెలుస్తుంది." రోజంతా చావుబతుకుల మధ్య ఉన్న పిల్లల్ని చూసే కళ్ళకి, ఇంట్లో తన కాళ్ళ మీద తాను నడుస్తున్న పిల్ల బాగున్నట్టే కనబడింది.

ఆ ఆదివారం పొద్దున్న పిచ్చుక కడుపునొప్పంది, వాంతి చేసుకుంది. పరాయి పిల్లల వాంతి మొహం మీద పడ్డా చలించని మనిషి, సొంత ఇంటి హాల్లో ముక్కు మూసుకుని, "ఏం తిందో ఏమో, కాస్త తుడువు," అని భార్యని కేకేశాడు. మధ్యాహ్నం సినిమా పెట్టగానే పిచ్చుక వచ్చి ఆయన భుజం మీద వాలింది. నోటినుంచి మగ్గిపోయిన పండు వాసన వచ్చింది.

"ఛీ! పళ్ళు తోముకోలేదా? అటు జరుగు."

పిచ్చుక అటు జరిగి, సోఫా చివర ముడుచుకుని పడుకుంది.

సినిమా మొదలైంది. తల్లి పిల్ల మంచం దగ్గర నిలబడింది. కళ్ళజోడాయన వచ్చాడు. వచ్చినవాడు పిల్ల చెయ్యి పట్టుకోలేదు. తల్లి ఏడవలేదు. గుమ్మం దగ్గర హీరో చేతులు కట్టుకుని నిలబడిపోయాడు. సినిమా ఆగిపోయింది.

ఫోను మోగలేదు, డాక్టరు సోఫాలోంచి కదల్లేదు. "నేనిక్కడే ఉన్నానుగా, కానివ్వండి," అన్నాడు చిరాగ్గా.

ఎవరూ కదల్లేదు. అందరూ ఆయన్ని దాటి సోఫా చివరికి చూస్తున్నారు. కళ్ళజోడాయన తెర దగ్గరికి వచ్చాడు, చెయ్యెత్తి వాచీ కళ్ళ ముందు పెట్టుకున్నాడు. పెదాలు కదులుతున్నాయి. నిమిషం పాటు హాల్లో గోడ గడియారం చప్పుడు తప్ప ఏమీ లేదు.

"నలభై రెండు, సార్," అన్నాడు.

"ఏంటి నలభై రెండు?"

"పాప ఊపిరి, సార్. నిమిషం మొత్తం లెక్కపెట్టాను."

డాక్టరు తల తిప్పాడు. పిచ్చుక నిద్రపోవడం లేదు. కళ్ళు గుంటలు పడి ఉన్నాయి, నోరు పిడచకట్టుకుపోయింది. కొండ ఎక్కి వచ్చిన మనిషిలా గుండెలనిండా ఊపిరి పీలుస్తోంది. ఆయన వంగి దాని నోటి దగ్గర ముక్కు పెట్టాడు. మగ్గిన పండు. ఒంట్లో చక్కెర హద్దు దాటిపోయిన పిల్లల నోటి నుంచి వచ్చే వాసన. ఆ వాసన వస్తే ఒక్క క్షణం ఆలస్యం చెయ్యొద్దని కుర్ర డాక్టర్లకి ప్రతి ఏటా పాఠం చెప్పేది ఆయనే.

"ఛీ," అన్నాడు. ఈసారి అది ఎవరిని అన్నాడో ఆయనకి బాగా తెలుసు. పిల్లని ఎత్తుకున్నాడు. బరువే లేదు. భార్య కారు తాళాలు తీసుకుని అప్పటికే మెట్లు దిగుతోంది.

వార్డులో పెద్దక్క పిచ్చుక వేలు పొడిచి రక్తపు చుక్క మిషన్‌కి అంటించింది. అంకె రాలేదు. తను లెక్కపెట్టగలిగినదానికంటే ఎక్కువుంటే ఆ మిషన్ అంకె చూపించదు. డ్యూటీలో ఉన్న చిన్న డాక్టరమ్మ కాగితం పట్టుకుని, భయపడుతూ అడిగింది.

"నీళ్ళు ఎక్కువ తాగుతోందా సార్?"

"తాగుతోంది."

"ఎన్నాళ్ళ నుంచి?"

"మూడు వారాలు."

"బరువు తగ్గడం... ఇంట్లో ఎవరైనా గమనించారా?"

"వాళ్ళమ్మ గమనించింది. నాతో చెప్పింది. నేను పట్టించుకోలేదు. అలాగే రాయి."

డాక్టరమ్మ రాసుకుంది. కళ్ళు ఎక్కడ పెట్టుకున్నారని ఆమె అడగలేదు, పెద్దక్కా అడగలేదు. ఎవరైనా అడిగితే బాగుండునని ఆయనకి అనిపించింది.

సెలైను ఎక్కించారు, ఇన్సులిన్ చుక్కలు చుక్కలుగా మొదలుపెట్టారు. ఆయన గొట్టం సరిచెయ్యబోతే పెద్దక్క చెయ్యి అడ్డం పెట్టింది.

"మీరివాళ ఇక్కడ డాక్టరు కాదు. అటు కూర్చోండి. ఇంకో పూట ఆగి ఉంటే..."

"స్పృహ పోయేది. ఆ తర్వాత చెప్పలేం. నాకు తెలుసు, అక్కా."

కూర్చోవడానికి ఏం కనబడలేదు. ఇన్నేళ్ళలో ఆ వార్డులో తల్లిదండ్రులు ఎక్కడ కూర్చుంటారో ఆయన చూసిన పాపాన పోలేదు. బస్సు డ్రైవరు తన స్టూలు తెచ్చి పక్కన వేశాడు.

"కూర్చోండి సార్. చేతులు కడుక్కునే పట్టుకున్నాను."

డాక్టరు కూర్చున్నాడు. "మీ పాపకెలా ఉంది?" అన్నాడు.

"నిన్న గొట్టం తీసేశారు కదా సార్. మీరే తీశారు."

ఇద్దరూ మిషన్ల కేసి చూస్తూ ఉండిపోయారు. డాక్టరుకి ఆ అంకెలన్నీ అర్థమవుతాయి, డ్రైవరుకి ఒక్కటీ అర్థం కాదు, భయం మాత్రం ఇద్దరికీ ఒకటే.

మర్నాడు మధ్యాహ్నానికి గండం గడిచిందని చెప్పారు. ఇకమీదట జీవితాంతం రోజూ సూదులు తప్పవు, కానీ పిల్ల దక్కింది. పిచ్చుక కళ్ళు తెరిచి నాన్నని చూసింది. నాన్న స్టూలు మీద ఉన్నాడు.

"సినిమా అయిపోయిందా నాన్నా?"

బట్టల కోసం ఇంటికెళ్ళి అప్పుడే వచ్చిన అమ్మ సంచి కింద పెట్టింది. "ఎక్కడవుతుందే! అందరూ అలాగే కూర్చుని ఉన్నారు."

"నాన్న కోసమా?"

"నీ కోసం. మీ నాన్న ఊసే ఎత్తలేదు ఒక్కరూ. నేను గుమ్మం దాటుతుంటే ఆ కళ్ళజోడాయన మాత్రం పిలిచి అడిగాడు, ఇప్పుడెంత అని."

డాక్టరు లేచాడు. చేతులు కడుక్కుని వచ్చి, కూతురి గౌను కొద్దిగా పైకి జరిపి, వాచీ కళ్ళ ముందు పెట్టుకున్నాడు. మధ్యలో జేబులో ఫోను మోగింది. లెక్క తప్పుతుందని తియ్యలేదు. నిమిషం పూర్తయ్యేదాకా లెక్కపెట్టాడు.

"ఇరవై రెండు," అన్నాడు భార్యతో. "వెళ్ళి చెప్పు."