నూట ఇరవై గంటలు

గౌను మీద నేరుగా ఇస్త్రీపెట్టె పెట్టకూడదు, మధ్యలో పల్చటి నూలుగుడ్డ పరవాలి అని స్కూలు పంపిన పుస్తకంలో నాలుగో పేజీలో ఉంది. నా పాత వాయిల్ చీర చింపి పరిచాను. నల్ల గౌను, మెరిసే పాలిస్టర్. ఎడమ భుజం, కుడి భుజం, వీపు. కింది అంచు దగ్గరికి వచ్చేసరికి గుడ్డ పక్కకి జరిగింది. సర్దాలి. సర్దలేదు. ఇస్త్రీపెట్టె వేడి మణికట్టుకి తగులుతుంటే ఆ నలుపు వైపు చూస్తూ నిలబడ్డాను. ఒక్క క్షణం ఆనిస్తే చాలు, అరచేయంత మచ్చ పడుతుంది. మచ్చ ఉన్న గౌనుతో వేదిక ఎక్కనివ్వరని కూడా అదే పేజీలో ఉంది. అది నా కూతురి గౌను. స్విచ్ ఆపేసి వంటింట్లోకి వెళ్ళి మంచినీళ్ళు తాగాను. చేతులు వణకలేదు. వణికి ఉంటే బాగుండేదనిపించింది.

రసజ్ఞ పన్నెండో తరగతి పూర్తి చేసింది. శనివారం గ్రాడ్యుయేషన్. దాని నిబంధనలే పన్నెండు పేజీలు. హాజరు ఎనభై ఐదు శాతం ఉండాలి. లైబ్రరీ పుస్తకాలన్నీ తిరిగి ఇచ్చేసి ఉండాలి. రెండు రిహార్సల్స్‌లో ఒకటి తప్పినా కుర్చీ ఉండదు. టోపీ మీద బొమ్మలు వేయకూడదు. అన్ని టర్ముల్లోనూ తొంభై దాటినవాళ్ళకి బంగారు రంగు కండువా. దాన్ని తల్లిదండ్రుల్లో ఒక్కరే వేదిక ఎక్కి పిల్లల మెడలో వెయ్యాలి. సమాజసేవ నూట ఇరవై గంటలు చేసినవాళ్ళకి మెడలో వేసుకునే కుచ్చుల తెల్ల తాడు. గంటల పట్టికతో పాటు, ఆ సేవ అందుకున్న మనిషి సొంత చేత్తో సొంత భాషలో రాసిన ఉత్తరం జతచేయాలి. బంధువులు రాయకూడదు.

కండువా రసజ్ఞకి ఎప్పుడో ఖాయమైంది. ఎవరు వేయాలన్నది మా ఇంట్లో ప్రశ్నే కాలేదు. "నేను వెళ్తాలే. నీకు స్టేజీ అంటే భయం కదా," అని మావారు వంశీ ఫారం మీద తన పేరు రాసేశారు. మిగిలింది తాడు. పొద్దున స్కూలు బస్సుకి పరిగెడుతూ రసజ్ఞ అంది: "అమ్మా, కిష్టమ్మాంటీతో ఆ లెటర్ రాయించవా ప్లీజ్? నాలుగు లైన్లు చాలు. రేపే లాస్ట్ డేట్."

పట్టిక బల్ల మీద పెట్టి వెళ్ళింది. జూన్ నుంచి తేదీలు, ఎదురుగా రోజుకో గంట, నూట ఇరవై నిండగానే కింద గీత, మొత్తం. ఆ తేదీలు నాకు తెలుసు. వాటిలో ఒకరోజు నాకు నూట ఒకటి జ్వరం, శాలువా కప్పుకుని పాఠం చెప్పడానికి కిందికి దిగాను. ఇంకో రోజు కూకట్‌పల్లిలో మా ఆడపడుచు గృహప్రవేశం, భోజనాలు కాకుండానే మెట్రో ఎక్కి వచ్చేశాను.

మొదలుపెట్టింది మాత్రం రసజ్ఞే. అది అబద్ధం కాదు. మా అపార్ట్‌మెంట్లో ఇళ్ళ పనులు చేసే ఐదుగురు ఆడవాళ్ళకి చదవడం, రాయడం నేర్పిస్తానని పలకలు కొనిపించింది. క్లబ్‌హౌస్‌లోకి పనివాళ్ళని రానివ్వరు కాబట్టి సెల్లార్‌లో మా పార్కింగ్ చోటే బడి అయింది. కారు పగలంతా హైటెక్ సిటీలో వంశీ ఆఫీసు కింద ఉంటుంది. నలభై ఏడు అని అంకె వేసిన ఆ చోట, రెండు తెల్లగీతల మధ్య, సిమెంటు నేల మీద చాక్‌పీసుతో రాసి చెప్పడమే. రసజ్ఞ పదకొండు రోజులు చెప్పింది. పదకొండో రోజు నేను వాళ్ళకి టీ కూడా పట్టుకెళ్ళాను. మర్నాటి నుంచి టెస్టులున్నాయంది. మర్నాడు సాయంత్రం పాఠం లేదని చెప్పడానికి దిగితే, "మీరున్నరు గద, మీరు జెప్పున్రి," అంది ఆ ఐదుగురిలో ఒకతె, కిష్టమ్మ. అంతే. తొమ్మిది నెలలు. రోజూ సాయంత్రం నేల నిండా అక్షరాలు రాస్తాను, చీకటి పడ్డాక కారు వచ్చి వాటి మీద నిలబడుతుంది, మర్నాడు టైరు గుర్తుల మధ్య మిగిలినవి తడిగుడ్డతో తుడిచి మళ్ళీ రాస్తాను.

"మంచిదేగా. నీకు టైంపాస్, దానికి పాయింట్లు," అన్నారు వంశీ ఒకసారి, ఫోన్లోంచి తలెత్తకుండానే.

పద్దెనిమిదేళ్ళ క్రితం నాకూ ఒక గౌను ఉండేది. ఉండాల్సింది. పెళ్ళయ్యాక డిగ్రీ పూర్తి చేశాను, కెమిస్ట్రీలో కాలేజీ మొత్తానికి మొదటిదాన్ని. పట్టా పోస్టులో పంపుతాం, పతకం మాత్రం స్వయంగా వచ్చి తీసుకోవాలి, రాకపోతే తర్వాతి వాళ్ళకి ఇస్తాం అని ఉత్తరం వచ్చింది. అది మా అత్తగారు సుబ్బలక్ష్మిగారు రెండుసార్లు చదివించుకుని విన్నారు. "ఏడో నెల పొట్టతో ఆ నల్లకోటు ఎలా తగులుకుంటావే? నలుగురూ నవ్వరూ? కాయితం ఎలాగూ ఇంటికే వస్తుందిగా." వంశీ పేపరు చదువుకుంటున్నారు. పతకం ఎవరికిచ్చారో తెలియదు. కానీ అది పడిన మెడ నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. ముఖం లేని మెడ. ఆ పొట్టలో ఉన్నది రసజ్ఞ. ఇది ఎవరికీ చెప్పుకోలేని లెక్క. ఏ బిడ్డ వల్ల ఆ రోజు నేను గౌను వేసుకోలేదో, ఆ బిడ్డ గౌనే ఇస్త్రీ చేస్తున్నాను. దాని మెడలో ఇప్పుడు బంగారు కండువా పడుతుంది. పడనీ, దాని చదువు అది. కానీ తెల్ల తాడు నాది. నా జ్వరం, నా మోకాళ్ళ నొప్పి, నా గొంతు. ఊరంతా ఆ పిల్లని మెచ్చుకుంటుంటే నవ్వే నా పెదవుల వెనక ఎన్నేళ్ళుగానో ఏదో పులుస్తూ ఉంది. తల్లికి అలాంటిది ఉండదని అందరూ అంటారు. నేనూ అదే అనుకుంటూ దాని టిఫిన్ డబ్బా సర్దుతూ వచ్చాను.

నాలుగున్నరకి సెల్లార్‌లోకి దిగాను. ఐదుగురూ అప్పటికే గీతల మధ్య కూర్చున్నారు.

"కిష్టమ్మా, రసజ్ఞ స్కూల్లో ఇవ్వడానికి ఓ ఉత్తరం కావాలి. నువ్వు రాయాలి."

"ఉత్తరమా? నేనా?" కిష్టమ్మ కొంగుతో పెన్సిల్ తుడుచుకుంది. "ఏమని రాయాలె?"

"రసజ్ఞ పాప మాకు జూన్ నుంచి చదువు చెప్పింది. నూట ఇరవై గంటలు చెప్పింది. అని."

కిష్టమ్మ పెన్సిల్ కాగితానికి ఆనించి ఆగిపోయింది. "పాపనా? పాప జెప్పింది పది దినాలు గాదా, టీచరమ్మా?"

"పదకొండు."

"మరి గిదేంది?"

"స్కూల్లో అలా కావాలిట."

"నేను రాసుడు నేర్సిందే మొన్న. అప్పుడే అబద్ధం రాయమంటున్రు. జర ఆగున్రి, నాకింక వత్తులే పూర్తిగ రాలే!"

అందరూ పడీపడీ నవ్వారు. పక్కన కూర్చున్న నీలమ్మ ఆమెని మోచేత్తో పొడిచింది. "రాయవే. పాప మస్తు మంచిది. మనకేం పోతది?"

"నీకేం, కింద ఉండేది నీ పేరు గాదు."

నేను నవ్వలేదు. ఆ మాట వినడానికే దిగానని అప్పుడు అర్థమైంది. కాదని పొద్దున బస్సు దగ్గరే కూతురికి చెప్పగలిగేదాన్ని. చెప్పలేదు. మంచి తల్లిగానే ఉండి, కాదనే పని కిష్టమ్మ చేత చేయించాలనుకున్నాను. నా గంటలు రసజ్ఞ వాడుకుంది, కిష్టమ్మ నోరు నేను వాడుకుంటున్నాను.

"నీకు తెలిసిందే రాయి," అన్నాను.

పావుగంట పట్టింది. నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని, ఒక్కో అక్షరం మట్టిలోంచి తవ్వి తీస్తున్నట్టు రాసింది. "రసజ్ఞ పాప పదకొండు రోజులు వచ్చింది. పలకలు ఇచ్చింది. మంచిగ చెప్పింది. మిగిలిన అన్ని రోజులు వాళ్ళ అమ్మ చెప్పింది. ఇప్పుడు నేను బస్సు బోర్డు చదువుకుని ఎక్కుతున్న. కిష్టమ్మ, మూసాపేట."

'వాళ్ళ అమ్మ' దగ్గర కళ్ళు ఆగిపోయాయి. నాకొక పేరుందని తొమ్మిది నెలల్లో నేను వాళ్ళకి చెప్పలేదు.

"అయిందా అమ్మా?" రసజ్ఞ బ్యాగుతోనే నేరుగా కిందికి వచ్చేసింది. నా చేతిలోంచి కాగితం తీసుకుని చదివింది. చెవులు ఎర్రబడ్డాయి. మళ్ళీ చదివింది.

"ఇదిస్తే తాడు రాదు."

"తెలుసు."

"నేనెందుకు మానేశానో ఇందులో లేదు."

"టెస్టులన్నావు."

"నువ్వు టీ తెచ్చావు. కాసేపు నుంచుని చూశావు. 'అలా కాదే, ఇటివ్వు' అని నా చేతిలోంచి చాక్‌పీస్ తీసుకున్నావు. మళ్ళీ ఇవ్వలేదు. వీళ్ళందరూ నీ వైపు తిరిగిపోయారు. నేను టీ గ్లాసులు పట్టుకుని పైకొచ్చేశాను."

చాక్‌పీస్ గుర్తొచ్చింది. అప్పుడది రసజ్ఞ అరచేతి చెమటతో కాస్త తడిగా ఉంది. ఇన్నాళ్ళూ ఆ సాయంత్రాన్ని కూతురికి సాయం చేసిన సాయంత్రంగానే దాచుకున్నాను. ఐదుగురు ఆడవాళ్ళు తలెత్తి ఒక మనిషిని అలా చూడటం, ఆ చూపు నా మీద ఎన్నడూ పడకపోవడం, ఫ్లాస్కు కింద పెట్టి చెయ్యి చాచడం మాత్రం నా నుంచి నేనే తప్పించేశాను.

"కుళ్ళుకున్నాను," అన్నాను. ఆ మాట సెల్లార్‌లో నేననుకున్న దానికంటే గట్టిగా వినపడింది. "ఆ రోజు నిన్ను చూసి. ఇవాళ నీ గౌను చూసి కూడా."

రసజ్ఞ చెప్పుతో తెల్లగీతని రుద్దింది. "నేను కూడా. నిన్ను టీచరమ్మ అంటారు. నన్ను పాప అంటారు."

తర్వాత బ్యాగులోంచి పెన్ను తీసి, పట్టికలో నూట ఇరవై కొట్టేసి పదకొండు వేసింది. కాగితం కిష్టమ్మ ముందు పెట్టింది. "ఆంటీ, అమ్మ పేరు దేవిశ్రీ. అది కూడా రాయండి."

"దేవిశ్రీయా!" కిష్టమ్మ నన్ను కొత్తగా చూసింది. "గింత మంచి పేరు పెట్టుకోని చెప్పకపోతిరి!"

చాక్‌పీస్ రసజ్ఞకిచ్చాను. నీలమ్మ పక్కన చోటు చేసుకుని నేల మీద కూర్చున్నాను. అది వంగి రాస్తుంటే వరస వంకర పోయింది. లేవాలనిపించింది. చేతులు ఒళ్ళో బిగించుకున్నాను.

రెండు వరసలు కాకముందే ర్యాంపు మీంచి హారన్ వినిపించింది. వంశీ ఆ రోజు తొందరగా వచ్చేశారు. అలవాటుగా ఐదుగురూ పలకలు చంకన పెట్టుకుని లేచారు.

"కూర్చోండి," అన్నాను. నేను ఒక్కదాన్నే లేచి కారు దగ్గరికి వెళ్ళాను.

అద్దం దిగింది. "ఏమోయ్, జరగమను వాళ్ళని. కారు పెట్టి పైకెళ్ళి కాల్ తీసుకోవాలి."

"ఇంకో అరగంట పాఠం ఉందండీ. గేటు బయట పెట్టుకోండి."

"మన ప్లేసేగా ఇది?"

"మనదే."

ఆయన నవ్వి, నా వెనక్కి చూశారు. ఎవరూ కదల్లేదు. "సరేగానీ, ఉత్తరం అయిందా?"

"అయింది. తాడు రాదు. ఎందుకో పైకొచ్చాక చెబుతాను. శనివారం కండువా వేయడానికి నేను వెళ్తున్నాను, ఫారంలో నా పేరు రాసిస్తాను."

"నువ్వా?" నిజంగానే ఆశ్చర్యపోయారు. "నీకు స్టేజీ అంటే భయం కదా?"

"ఆ మాట ఎప్పుడూ మీరే అన్నారండీ," అన్నాను. "నేనింకా ఎక్కి చూడలేదు."