ఎనిమిది కిలోమీటర్ల గుమ్మం

రాష్ట్రం నడిమి ప్రాంతంలో చెప్పుకోదగ్గ ఊళ్లు రెండే. ఎగువన రాతి గనుల పట్నం, దిగువన నది ఒడ్డున పెద్ద నగరం. మధ్యలో చెట్టూ పుట్టా లేని మైదానం, దాని మీద గీత గీసినట్టు ఒక రోడ్డు. ఆ రోడ్డు పక్క కిలోమీటరు రాళ్లకు రంగులేసేవాడి కాపురం పట్నంలోనే. అందరూ అతన్ని బొద్దింక అనేవారు. సిరాలో పడి లేచిన బొద్దింక నడిచినట్టుండేది రాత. "నా రాత చదివి నేనే రెండుసార్లు మా ఇల్లు దాటిపోయా," అని ముందు తనే నవ్వేవాడు.

అంకెలు మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకుని వేసేవాడు. అక్కడ రాయి ఎంత చెబితే రోడ్డు అంతే ఉంటుంది మరి.

భార్యకు నొప్పులొచ్చిన మధ్యాహ్నం, జీపు పొలిమేర చేరేసరికి నర్సు పెదవి విరిచింది. "బిడ్డ అడ్డం తిరిగింది. నగరం చేరేదాకా ఆగదు."

"జీపు ఆపన్నా!" డ్రైవర్ని కేకేసి బొద్దింక దూకాడు. నగరానికి ఎంత దూరమో చెబుతూ పొద్దున తను రాయి మీద వేసిన 48 ఇంకా తడిగానే ఉంది.

"ఇప్పుడా నీ బొమ్మలు!" లోపల్నుంచి భార్య అరిచింది.

బొటనవేలితో ఎనిమిది నడుము చెరిపి పక్కలు కలిపాడు. ఎనిమిది సున్నా అయింది, 48 కాస్తా 40. అనుకున్నదానికంటే ముందే నది కనిపించింది. తల్లీ కూతురూ క్షేమం.

తిరిగొచ్చేటప్పుడు చూస్తే పిన్ని టీ కొట్టు లేదు. వరసకేమీ కాకపోయినా, ఎండలో రంగులేసేవాడికి అడక్కుండా టీ పోసిన మనిషి. పోయిన ఎనిమిది కిలోమీటర్లలో పొయ్యితో సహా పోయింది. రోడ్డుకు అతుకైనా లేదు. చెవి ఆనిస్తే తారు కింద పాలు కాగుతున్న చప్పుడు.

"ఎనిమిది మళ్లీ వేసేస్తా," అన్నాడు తనకు పని చెప్పే రోడ్డు మేస్త్రీతో.

"వెయ్యి. ఆ రోజు నువ్వు దాటని దారంతా అప్పుడు దాటాల్సొస్తుంది. మీ ఆవిడా బిడ్డా మళ్లీ ఆ జీపులోనే ఉంటారు."

"వెయ్యకపోతే?"

"పిన్ని ఆ కిందే ఉంటుంది. లేదంటావా, ఆ దూరం ఇంకెక్కడైనా వెయ్యి. ఎవడి గుమ్మం ముందు వేస్తావో నీ ఇష్టం, తిట్లు మాత్రం నా దాకా తేకు."

బొద్దింక ఇంకా అంకె వెయ్యని రాయొకటి భుజానేసుకుని ఊరంతా తిరిగాడు. తనకు పడని బావమరిది గుమ్మం ముందు దించి కాసేపు ఆలోచించాడు కూడా. చివరికి సొంత గేటు దగ్గర పాతి, పుట్టి బుద్ధెరిగాక వేసిన అంకెలన్నిట్లోకీ అందమైన ఎనిమిది వేశాడు.

గేటుకీ అరుగుకీ మధ్య మైదానం చాప పరిచినట్టు విచ్చుకుంది. సగం దారిలో పొయ్యి, పొయ్యి వెనక పిన్ని.

"టీ పెట్టమని ఎటు పోయావురా అబ్బాయ్? పాలు కాగిపోతున్నాయి!"

ఇంట్లోవాళ్లు పెరటి గుమ్మంలోంచి మామూలుగానే తిరుగుతారు. అతను మాత్రం ఎటునుంచి వచ్చినా ఎనిమిది నడవాల్సిందే. రాయి పాతిన చేతిని దారి గుర్తుపట్టింది. అతను ఇల్లు చేరేసరికి కూతురు నిద్రపోయేది, లేచేసరికి అతను బయల్దేరేవాడు. మైదానం కదా, గేటు దగ్గర్నుంచి అరుగు మీద కూతురు చుక్కలా కనిపించేది. చెయ్యూపేవాడు. చుక్క ఊపిందో లేదో తెలిసేది కాదు.

ఒక సాయంత్రం అతను గేటు తీసేసరికి ఆ చుక్క అరుగు దిగింది. పడింది. లేచింది. ఇటే వస్తోంది.

పిన్ని టీ గిన్నె దించి, చిన్న గ్లాసుకు సరిపడా పాలు పొయ్యి మీద పెట్టింది.